భారతం మిట్ట మీద మట్టి ముఖం

తిరుచానూరులో పూల బేరం

తిరుపతి వెళ్ళొచ్చానంటే మా విజయనగరంలో అందరూ అడిగిన మొదటి మాట, "దర్శనం బాగా జరిగిందా?" అని. నేను కొండ ఎక్కలేదు. ఆ సంగతి చెప్పగానే అందరి ముఖాలూ మాడిపోయాయి. లడ్డూ కూడా తేనిదానివి అంత దూరం ఎందుకు వెళ్ళినట్టు అని మా ఆడపడుచు మొహం మీదే అనేసింది.

నేను వెళ్ళింది రంగుల కోసం. పెళ్ళిళ్ళకు, బారసాలలకు ఫొటోలు తీసి బతుకుతాను. ఏడాదికొకసారి మాత్రం పైసా రాని ఫొటోల కోసం కెమెరా సంచీ తగిలించుకుని ఎక్కడికో ఒకచోటికి పోతాను. ఒక్కో కాలానికి ఒక్కో రంగు ఉంటుందని, చేత్తో చేసిన వస్తువుకు ఆ రంగు అంటుకుంటుందని నాకో పిచ్చి నమ్మకం. ఈసారి ఎండాకాలాన్ని పట్టుకొద్దామని బయల్దేరాను. తెచ్చిన ఫొటోలు ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. ఎందుకు చూపించలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తిరుచానూరులో దిగిన మర్నాడు పొద్దున్నే అమ్మవారి గుడి దగ్గర పూలబుట్టల మధ్య చేరాను. కనకాంబరాలు, చామంతులు, మరువం, తడి గోనె కింద మల్లెమొగ్గలు. మా వైపు మూర లెక్కన పూలు కొంటే అమ్మే మనిషి మోచెయ్యి ఉన్నట్టుండి పొట్టిదైపోతుంది. ఇక్కడా అంతే. ముప్పై రూపాయలు ఇచ్చి చేతిలోకి తీసుకుంటే జడకు సగం కూడా రాలేదు.

ఆ పూలమ్మే ఆమె పేరు రాణెమ్మ. నలభై దాటిన మనిషి, నోరు పెద్దది. "ఏమిక్కా, మూరెడు పూలు కొని బుట్టెడు ఫొటోలు ఎత్తుకుంటా ఉండావు. నీ దిష్టికి నా పూలు వాడిపోతాయి," అని కసిరింది. ఇంకో రెండు మూరలు కొని శాంతింపజేశాను. నా రంగుల పిచ్చి సంగతి విని నవ్వింది.

"రంగులు గావాలంటే ఈడేముండాది? మా పుట్టింటికి రా. చిత్తూరు పక్కన. భారతం జరగతా ఉండాది. ఎల్లుండి దుర్యోధనుని వధ. ఆ బొమ్మ చేసేది మా అన్నే."

చిత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం భారతం జరుపుతారని విన్నాను కానీ చూడలేదు. ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నేల మీద వెల్లకిలా పడుకున్న పెద్ద మట్టి దుర్యోధనుణ్ణి ముందుగానే చేసి, రంగులేసి, ఆఖరి రోజు పొద్దున భీముడి వేషగాడి చేత తొడ పగలగొట్టిస్తారు. తర్వాత ఆడవాళ్ళు చీపుళ్ళతో, అక్కడి మాటలో పొరకలతో, కొడతారు. ఆ మన్ను తలా ఇంత ఇంటికి తీసుకుపోయి గాదెల్లో, పొలాల్లో వేసుకుంటారు. మా ఊరి జాతరలో పూజారిని మాను చివర కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను చూసినదాన్ని కాబట్టి మనుషులు దేవుడితో ఎంత దూరమైనా వెళ్తారని నాకు తెలుసు. అయినా నోరు తెరుచుకుని విన్నాను.

రాణెమ్మ గొంతు తగ్గించింది. "ఈ యేడు మా అన్న చేస్తాడని ఎవురూ అనుకోలేదక్కా. ఉగాదికి ముందు కొడుకు పొయినాడు. ఒకే కొడుకు."

కాణిపాకం మీదుగా

రాణెమ్మ రెండు బుట్టల పూలతో నాతోపాటు బస్సెక్కింది. దారంతా ఆమే మాట్లాడింది, నేను విన్నాను. అన్న పేరు ఏకాంబరం, వదిన కన్నెమ్మ. కొడుకు దాము టమోటా లోడు బండి తోలేవాడు. పలమనేరు నుంచి దిగుతుంటే ఘాట్‌లో బండి లోయలో పడింది. ఇంటికి తెచ్చినప్పుడు గుడ్డలో మూటగట్టి తెచ్చారు. ముఖం చూపించలేదు, చూపించేలా లేదు.

చావు జరిగిన ఇంటివాళ్ళు ఏడాదిపాటు జాతరకు పోకూడదు. మా వైపూ ఇదే ఆచారం. కానీ ఆ ఊళ్ళో బొమ్మ చేసే చెయ్యి ఇంకొకటి లేదు. అందుకని గుడి పూజారి ఏకాంబరం నెత్తిన పసుపునీళ్ళు పోసి, చేతికి కంకణం కట్టాడు. కంకణం ఉన్నన్నాళ్ళూ అతనికి మైల లేదు. అతను గుడి మండపంలోనే తిని, అక్కడే పడుకోవాలి. ఇంటి గడప తొక్కకూడదు. కన్నెమ్మకు కంకణం లేదు కాబట్టి ఆమె భారతం మిట్ట వైపు రాకూడదు. భార్యాభర్తలు ఒకే ఊళ్ళో ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకుని చాలా రోజులైందట.

"ఏడిసేదానికైనా ఇద్దురూ ఒకచోట ఉండాల గదక్కా," అంది రాణెమ్మ.

కాణిపాకంలో దిగి వినాయకుడికి దండం పెట్టుకుందామంది. లోపలికి వెళ్ళి వచ్చేసరికి నా చెప్పులు లేవు. కొత్తవి, మొన్ననే కొన్నవి. దేవుడి దగ్గర చెప్పులు పోతే శని పోయినట్టే అని ఓ కొబ్బరికాయల ఆయన ఓదార్చి, పక్కనున్న తన తమ్ముడి కొట్లో రబ్బరు చెప్పులు అంటగట్టాడు. మధ్యాహ్నం ఓ పాకలో సంగటి తిన్నాం. మేము అంబలి తాగే రాగుల్ని వీళ్ళు ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, వేరుశెనగలతో నూరిన ఊరిబిండి వేసుకుని తింటారు. నమలకూడదు, మింగాలి. నేను నమిలాను. పాకావిడ నా మీద జాలిపడి ఇంకో గరిటె పులుసు పోసింది.

అక్కణ్ణించి దారి పొడుగునా మామిడికాయల ట్రాక్టర్లు. గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో నిలబడి నిలబడి, కొందరు కాయల్ని రోడ్డు పక్కన కుమ్మరించేశారు. పసుపు, నారింజ, ఎరుపు, వాటి కింద నల్లగా కుళ్ళు. ఆ రంగులు నాకు నచ్చాయి, బస్సు కిటికీలోంచి నాలుగు తీశాను. ముందు సీట్లో రైతు వెనక్కి తిరిగి నన్ను చూశాడు. కెమెరా ఒళ్ళో పెట్టుకున్నాను.

పొలంలో పడుకున్న రాజు

ఊరి పేరు రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను.

ధర్మరాజుల గుడి ముందున్న మెట్ట నేలను భారతం మిట్ట అంటారు. చేరేసరికి దుర్యోధనుడు ముప్పాతిక అయిపోయి ఉన్నాడు. మూడు ఎడ్లబండ్లు వరుసగా నిలిపినంత పొడుగు. చెరువు మన్ను తోలి, తడిపి, తొక్కి, పాదాల నుంచి పైకి కట్టుకుంటూ వచ్చారు. తొడలో ఎర్రనీళ్ళ కుండ పాతిపెట్టారట, గద దెబ్బకు పగలడానికి. నేను మెడ చాచి చూస్తూ ముందుకు నడిచాను.

"కాలు తీమ్మా. రాజు చెయ్యి తొక్కతా ఉండావు."

ఛాతీ మీద కూర్చుని ముఖం మెత్తుతున్న మనిషి అన్న మాట అది. ఏకాంబరం. బక్కపల్చటి మనిషి, మోకాళ్ళ దాకా ఆరిన బురద, మణికట్టుకు పసుపు కంకణం. రాణెమ్మ నన్ను పరిచయం చేసింది. అతను చెల్లెల్ని తలెత్తి చూడలేదు.

"రంగులు రేపు మధ్యాన్నం. ఇప్పుడేముండాది ఎత్తేదానికి, వట్టి మన్ను," అన్నాడు నాతో.

నిజమే అనుకున్నాను. వెలుతురు చూసుకోవడానికి ముఖం వైపు ఒకే ఒక్క ఫొటో తీసి, వీధినాటకం వాళ్ళు మండపంలో ఆరబెట్టుకున్న కిరీటాల దగ్గరికి పోయాను. తేలికైన కర్రతో చెక్కి, అద్దంముక్కలు, తళుకు కాగితాలు అంటించిన కిరీటాలు అవి. అంత ముద్దొచ్చే వస్తువుల్ని ఈ మధ్య చూడలేదు. ఆ రాత్రి రాణెమ్మ పుట్టింటి పక్కవాళ్ళ పంచలో పడుకున్నాం. కన్నెమ్మ ఇంట్లో నన్ను పడుకోమనడం బాగుండదని రాణెమ్మే అంది.

రంగులు

మర్నాడు మధ్యాహ్నం రంగులు మొదలయ్యాయి. జిగురు కలిపిన పొడి రంగులు బకెట్లలో. కిరీటానికి పసుపు, ధోవతికి నీలం, ముఖానికి గులాబీ, కళ్ళకు తెలుపు, ఆ తెలుపులో ఎర్రజీరలు. తడి మట్టి మీద పడగానే రంగు లోపలికి ఇంకి మెరుస్తుంది. నేను నిచ్చెన మీద, గోడ మీద, చివరికి ట్రాక్టరు మీద నిలబడి తీశాను. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఈ ప్రయాణంలో నేను సంతోషంగా ఉన్నది ఆ రెండు గంటలే.

మీసం చివర్లో వేస్తారు. ప్రతి ఏడాదీ ఏకాంబరం వేసే మీసం గేదె కొమ్ముల్లా చెవుల దాకా పోతుందని, ఆ మీసం చూడ్డానికే పక్క ఊళ్ళ వాళ్ళు వస్తారని రాణెమ్మ చెప్పింది. ఆవేళ అతను కుంచె నల్లరంగులో ముంచి, పై పెదవి మీద సన్నగా ఒక గీత గీశాడు. అంతే. దిగి వచ్చేశాడు.

అప్పటిదాకా గోల గోలగా ఉన్న జనం ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నారు. నాకు అర్థం కాలేదు. కోల ముఖం, కాస్త ముందుకొచ్చిన పెదవి, ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే పైకి. ఇరవై ఐదేళ్ళ కుర్రాడి ముఖం. దుర్యోధనుడు ఇంత పడుచువాడేమిటి అనుకున్నాను, అంతే.

రాణెమ్మ పూలబుట్ట కింద పెట్టి ముందుకెళ్ళింది. "అన్నా, ఏం చేసినావు నువ్వు? మన దాము గదన్నా ఇది!"

ఏకాంబరం వెనక్కి తిరిగి, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. అక్కడే నేల మీద కూర్చున్నాడు. "నాకు తెలీలేదు పాపా. నా చేతులకు తెలీలేదు," అన్నాడు.

ఊరి పెద్ద వజ్రవేలు వచ్చాడు. తెల్ల పంచె, చేతికర్ర, అందరూ జరిగి దారిచ్చారు. చాలాసేపు ముఖం చూసి, "ఏకాంబరం, రేపు పొద్దున ఆడోళ్ళు పొరకలెత్తాల. ఈ ముఖం మీద ఎవురు కొడతారు? చెరిపేసి ఇంకోటి పెట్టప్పా," అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు.

ఏకాంబరం లేచాడు. తాపీ తీసుకుని ఛాతీ మీదికెక్కాడు. బుగ్గ మీద తాపీ ఆనించాడు. అలాగే ఉండిపోయాడు. దిగి వచ్చి తాపీ వజ్రవేలు కాళ్ళ దగ్గర పెట్టాడు.

"నా వల్ల కాదు మామా. ఎవురన్నా చెరపండి."

ఎవరూ ముందుకు రాలేదు. వధ ఆపడానికీ లేదు. మొదలుపెట్టిన భారతం మధ్యలో ఆగితే ఊరికి వానలు ఉండవని వాళ్ళ భయం. చెరువు అడుగు కనిపిస్తున్న ఊళ్ళో అది చిన్న భయం కాదు. ఆడవాళ్ళు మాత్రం, చచ్చిన పిల్లోడి ముఖం మీద తాము పొరక వెయ్యబోమని తెగేసి చెప్పారు. చివరికి ఒక ముసలామె అంది: "కన్నతల్లిని అడగండి. నా కొడుకు కాదు అని ఆయమ్మ అంటే మాకేం పట్టింపు లేదు."

కన్నెమ్మ మిట్టకు రాకూడదు. బొమ్మ కదలదు. అందరూ నా మెడలో కెమెరా వైపు చూశారు.

కన్నెమ్మ గడప

ఇంకా ఎండ ఉంది. కన్నెమ్మ వసారాలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు, అదే వేరుశెనగలు, ఒలుస్తోంది. వాన పడితే వెయ్యాలి కదా, దుఃఖం ఉన్నా విత్తనం ఒలవక తప్పదు. రాణెమ్మ పక్కన కూర్చుని జరిగింది చెప్పింది. వజ్రవేలు మైల ఇంట్లోకి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు.

నేను కెమెరా వెనక తెర మీద రంగుల ముఖం చూపించాను. ఆమె చేతులు చీరకు తుడుచుకుని కెమెరా పట్టుకుంది. చూసింది. తల అడ్డంగా ఊపింది. నాకు ఊపిరొచ్చింది.

"ఈ రంగుల్లో నాకేం తెలీలేదక్కా. రంగు పుయ్యకముందు ఎత్తింది ఉండాదా?"

ఉంది. వెలుతురు చూసుకోవడానికి తీసిన ఆ ఒక్కటే. వెతికి చూపించాను. బూడిదరంగు మన్ను, ఇంకా తడి ఆరని ముఖం, కళ్ళు మూసుకున్నట్టు ఉంది.

ఆమె ఏడవలేదు. తెర మీద వేలు కూడా పెట్టలేదు. అది ఆరిపోయినప్పుడల్లా నా వైపు చూసింది, నేను మళ్ళీ వెలిగించాను. అలా ఎన్నిసార్లు వెలిగించానో లెక్క లేదు. తర్వాత కెమెరా నా ఒళ్ళో పెట్టి, గడప దాకా వచ్చి, వీధిలోకి గట్టిగా చెప్పింది.

"మా దాము కాదు మామా. వాడి ముక్కు ఇట్లా ఉండదు. ఆయప్పకి మనసు బాగలేక చెయ్యి తప్పినాడు. మీరు కానియ్యండి."

వజ్రవేలు గుండెల మీద చెయ్యి వేసుకుని, "సరేమ్మా, మంచిది," అంటూ వెళ్ళిపోయాడు. అతని కర్ర చప్పుడు వీధి చివరికి పోయేదాకా ఆమె అక్కడే నిలబడింది. తిరిగి వచ్చి చెనిక్కాయల ముందు కూర్చుంది.

"వాడే," అంది.

రాణెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఉండబట్టలేక అడిగేశాను, "మరి ఎందుకమ్మా అలా చెప్పావు?"

"కాదనకపోతే ఆయప్ప చేతే చెరిపిస్తారు గదక్కా. ఊరు కొడితే ఊరు కొట్టిందనుకుంటాము. కన్నోడు కొట్టేది ఎట్లా? మూటగట్టి తెచ్చినపుడు ముఖం సూపీమని ఎంత మొత్తుకున్నాడో ఆయప్ప. ఎవురూ సూపీలేదు. ఇప్పుడు ఆయప్పే సూసుకున్నాడు." కాయ ఒకటి చిదిమింది. "ఎవురికీ చెప్పొద్దు నువ్వు. ఆయప్పకి గూడా."

ఆ ఫొటో కాగితం మీద వేయించి పంపుతానన్నాను. వద్దంది. ఇంట్లో ఉంటే ఆయన రోజూ చూస్తాడని, వచ్చే ఏడు కూడా ఇదే ముఖం చేస్తాడని. ఆమె పక్కన కూర్చుని నేనూ కాయలు ఒలిచాను. ఒక్క కాయ కూడా సరిగా చిట్లలేదు.

పొరకలు

మర్నాడు పొద్దున మిట్ట నిండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో వచ్చారు. బొరుగులు, ఐసుపుల్లలు, బుడగలు. ముందురోజు ఊళ్ళో ఏమైందో వాళ్ళకు తెలియదు. దుర్యోధనుడి వేషగాడూ భీముడి వేషగాడూ బొమ్మ చుట్టూ తరుముకున్నారు. భీముడు గద ఎత్తి తొడ మీద వేశాడు. కుండ పగిలి ఎర్రనీళ్ళు చిమ్మాయి. ద్రౌపది వేషం వేసిన మగమనిషి ఆ ఎరుపు జుట్టుకు రాసుకుని ముడి వేసుకున్నాడు. జనం కేకలు పెట్టారు. గాంధారి వేషం వచ్చి, గుండెలు బాదుకుంటూ నవ్వు పుట్టేలా ఏడ్చింది. ప్రతి ఏడాదీ అక్కడ నవ్వుతారట. ఆ ఊరివాళ్ళు ఈసారి నవ్వలేదు, పై ఊళ్ళవాళ్ళు నవ్వారు.

తర్వాత పొరకలు లేచాయి. ముందు కాళ్ళ మీద, చేతుల మీద. ముఖం దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. తల్లిని అడగమన్న ముసలామె ముందుకెళ్ళి, కళ్ళు మూసుకుని బుగ్గ మీద ఒక్కటి వేసింది. ఇక ఆగలేదు. తల మన్ను గాదెకు మంచిదని నమ్మకం, అందుకని పై ఊళ్ళవాళ్ళు గంపలతో, సంచులతో, చీర కొంగులతో ఎగబడ్డారు. ముక్కు, పెదవి, పైకి లేచిన ఆ కనుబొమ్మ. చూస్తుండగానే అక్కడ గుంట తప్ప ఏమీ మిగల్లేదు.

ఏకాంబరం గుడి గోడకు ఆనుకుని నిలబడి అంతా చూశాడు. గులాబీ రంగు పెళ్ళలు గంపలో పెట్టుకుని పోతున్న ఒకావిడ అతణ్ణి గుర్తుపట్టి ఆగింది. "ఈ యేడు బొమ్మ బాగా చేసినావప్పా. కళగా ఉండాది ముఖం," అంది. అతను చేతులు జోడించాడు. నాకు ఆవిడ మీద అన్యాయంగా చాలా కోపమొచ్చింది. రాణెమ్మ బొమ్మ వైపు వీపు పెట్టి, అమ్ముడుపోని పూలు ముందేసుకుని కూర్చుంది.

ఇంటికి

పూజారి కంకణం విప్పాడు. ఆ దారం విప్పగానే ఏకాంబరానికి మళ్ళీ మైల. జనంలోంచి ఎవరికీ తగలకుండా పక్కకు జరుగుతూ ఇంటిదారి పట్టాడు. నా సంచీ ఆ పక్కింట్లోనే ఉంది కాబట్టి రాణెమ్మా నేనూ వెనకాలే నడిచాం.

చావు మైల ఉన్న గడప లోపలికి భారతం మన్ను పోకూడదు. గాదెకు మేలు చేసే మన్నే ఆ ఇంటికి ఇంకో కీడు తెస్తుందని వాళ్ళ నమ్మకం. కన్నెమ్మ బిందె నిండా నీళ్ళతో వీధిలో నిలబడి ఉంది. మొగుణ్ణి చూసింది. అతను వంగి చేతులు చాచాడు.

ఆమె చెంబుతో పోసింది. మోకాళ్ళ మీది బురద పోయింది, మోచేతుల మీది రంగు పోయింది. గోళ్ళలో మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది. అతను చీపురుపుల్ల తీసి ఒక్కో గోరూ గీకుతున్నాడు. ఆమె చెంబు పక్కన పెట్టి, అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, పుల్లతో తనే తీయడం మొదలుపెట్టింది. తొందరపడలేదు. గోటిలోంచి వచ్చిన ప్రతి మట్టి బెడ్డనూ వేలి మీద పెట్టుకుని ఒక్క క్షణం చూసి, నీళ్ళలో వదిలింది.

పది గోళ్ళూ అయ్యాక బిందెలో మిగిలిన నీళ్ళు అతని పాదాల మీద గుమ్మరించింది. అతను లోపలికి పోయాడు. ఆమె పోలేదు. గడప ముందు నేల మీద పారిన ఆ బురదనీళ్ళ మడుగు వైపు చూస్తూ నిలబడింది. నడి ఎండ. మడుగు అంచుల నుంచి కుంచించుకుపోతూ, కాసేపటికి తడి మరక అయింది. మరక కూడా ఆరిపోయేదాకా ఉండి, బిందె తీసుకుని లోపలికి వెళ్ళింది.